ఎండిన బోరులో చుక్క కూడా వదలకండి

మీ పెరట్లోనో, చేను గట్టునో, ఫ్యాక్టరీ ప్రహరీ లోపలో నీళ్లు పడక వదిలేసిన బోరు ఉంటే దాంట్లోకి ఏదీ పోయకండి. మరుగుదొడ్డి నీళ్లు పోయకండి. వంటింటి నీళ్లు, బట్టలుతికిన నీళ్లు పోయకండి. వీధిలో పారే వాన నీళ్లను కూడా మళ్లించకండి. రసాయనాలు కలిసిన నీళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, అది నేరం. ఇప్పటికే ఎవరైనా అలా వదులుతుంటే ఈ వ్యాసం పక్కనపెట్టి ముందు ఆ పైపు తీసేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేల మీద జరిగే కాలుష్యం కంటికి కనిపిస్తుంది. వాగు రంగు మారితే ఊరంతా చూస్తుంది. చెరువులో చేపలు తేలితే కలెక్టరేటు దాకా వెళ్తారు. నేల లోపల జరిగేది అలా కాదు. పోసినవాడి ఇంట్లో వాసన రాదు. పక్కింటి బోరులో మర్నాడే తేడా తెలియదు. ఏడాదికో, ఐదేళ్లకో, ఇరవై ఏళ్లకో, నీటివాలు ఎటు ఉంటే అటున్న ఇంకో ఊరి వాళ్లకు తెలుస్తుంది. అప్పటికి పోసిందెవరో తేల్చడం కష్టం. పోసినదాన్ని బయటికి తీయడం అంతకన్నా కష్టం.

తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు వేయించడమంటే ఎంత గుండెకోతో రైతుకు తెలుసు. 300 అడుగుల్లో జల పడకపోతే 500 అడుగులు, అక్కడా దుమ్మే లేస్తే 1,000 అడుగులు. అప్పు తెచ్చి వేసిన బోరు ఫెయిలైతే రిగ్గు ఇంకో మూలకు జరుగుతుంది, మొదటి రంధ్రం అలాగే ఉండిపోతుంది. దాని నోటికి రాయి పెట్టేవాళ్లు కొందరు, గోనెసంచి కట్టేవాళ్లు కొందరు. డ్రైనేజీ రాని శివారు కాలనీల్లో సెప్టిక్ ట్యాంకు నిండి పొర్లుతుంటే, దాని పైపును ఎండిన బోరుకు కలిపేసి పీడ విరగడైందనుకునేవాళ్లు ఉన్నారు. పారిశ్రామికవాడల చుట్టుపక్కల ఇంకా ఘోరం. శుద్ధి చేయించే ఖర్చు మిగుల్చుకోవడానికి వ్యర్థ జలాలను రాత్రివేళ ట్యాంకర్లలో తెచ్చి బోరుల్లో దింపే దుర్మార్గం ఈ దేశంలో కొత్తది కాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. మన బోర్లు సాధారణంగా ఆరున్నర అంగుళాల వెడల్పువి. 1,000 అడుగుల లోతు బోరును అంచు దాకా నింపినా పట్టేది దాదాపు 6,500 లీటర్లే. 10,000 లీటర్ల ట్యాంకరు ఆ బోరులో ఖాళీ అయిందంటే మిగతా 3,500 లీటర్లు ఎటు పోయినట్టు? మర్నాడు రాత్రి రెండో ట్యాంకరు కూడా పట్టిందంటే మొదటిది ఎటు పోయినట్టు? ‘ఎంత పోసినా తాగేస్తోంది’ అని సంబరపడేవాళ్లు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. తాగుతున్నది ఆ బోరు కాదు. దాని గోడల్లోని పగుళ్లు. ఆ పగుళ్ల అవతలి కొసలు ఎవరెవరి బోర్లలో తేలతాయో పోసినవాడికి తెలియదు.

మన కాళ్ల కింది నేల ఒకే ముద్ద కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి, నగరానికి దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. గ్రానైటు నేలల్లో పొరలు ఎలా అమరి ఉంటాయో అక్కడ స్పష్టంగా తేలింది. పైన పల్చగా మట్టి. దాని కింద, రాయి లక్షల ఏళ్లుగా చివికి ఇసుకా బంకమన్నూ కలిసినట్టుగా మారిన మొరం పొర. అది సుమారు 10 నుంచి 20 మీటర్లు. ఆ కింద పగుళ్లు పడిన గ్రానైటు పొర, అదీ దాదాపు అంతే మందం. దాని అడుగున గట్టి బండ. అందులో లోతున ఎక్కడో ఒక పగులు తగిలితే తగిలినట్టు, లేకపోతే లేనట్టు. మొరం పొరలో నీరు నిల్వ ఉంటుంది, మెల్లగా కదులుతుంది. పగుళ్ల పొరలో నిల్వ తక్కువ, కదలిక ఎక్కువ. ఆ పగుళ్లు కూడా పైభాగంలో దట్టంగా, ఎక్కువగా అడ్డంగా పరుచుకుని ఉంటాయి. కిందికి పోయేకొద్దీ పలచబడతాయి.

ఈ అమరికే ఇన్నాళ్లూ మన నీళ్లను కాపాడింది. పైన పడిన మురికి పగుళ్లను చేరాలంటే ముందు మొరం గుండా దిగాలి. ఆ దారిలో బంకమన్ను రేణువులు కొన్ని లోహాలను పట్టి ఉంచుతాయి. నేలలోని సూక్ష్మజీవులు కొన్ని పదార్థాలను తినేస్తాయి. రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు దారిలోనే చస్తాయి. అయితే తోడకం పెరిగి మహేశ్వరంలో నీటిమట్టం మొరం పొరను దాటి పగుళ్ల పొరలోకి దిగిపోయింది. ఇలాంటి నేలల్లో మన బోర్లకు ఇప్పుడు దిక్కు, నిల్వ తక్కువ ఉన్న ఆ పగుళ్ల పొరే. దానికి కాపలా పైనున్న మొరమే. ఎండిన బోరులో పోసిన ప్రతి బిందెడూ ఆ కాపలాను తప్పించుకుని నేరుగా పగుళ్లలోకి పోతుంది.

పోయినది ఎలా పాకుతుందో తెలిస్తేనే ప్రమాదం ఎంతటిదో అర్థమవుతుంది. నీటిలో కరిగిన పదార్థం ముందుగా నీటి వెంట పోతుంది. ఆ వేగం నేలలో ఎంత ఖాళీ ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. ఇసుకలో నీరు కదిలే ఖాళీ నూటికి పాతిక వంతులనుకుందాం. పగిలిన గ్రానైటులో నీరు కదిలే ఖాళీ నూటికి ఒక వంతే ఉందనుకుందాం. ఒకే మోతాదు నీరు ఈ రెంటిలోనూ సాగుతుంటే, రాతిలో అది పాతిక రెట్లు వేగంగా పరిగెత్తాలి. ‘కింద అంతా బండరాయే కదా, ఎటు పోతుంది’ అనుకునేవాళ్లకు ఇది గట్టి జవాబు. రాయి కాబట్టే దూరం పోతుంది.

నీటి వెంట పోవడంతో ఆగదు. కొన్ని దారులు వెడల్పుగా, కొన్ని ఇరుకుగా ఉంటాయి కాబట్టి కొంత భాగం ముందుకు దూసుకుపోతుంది, కొంత వెనకబడుతుంది, పోయిన మేరంతా చీలి చెదురుతుంది. నీరు అసలు కదలని చోట్లకు కూడా, చిక్కదనం ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు, కరిగిన పదార్థం తనంతట తాను ఇంకుతుంది. ఈ ఆఖరి కదలిక బహు నెమ్మది. కానీ మనల్ని తరతరాలు వెంటాడేది ఇదే. దీని సంగతి మళ్లీ చెబుతాం.

పొరలున్న నేలలో ఇంకో నియమం ఉంది. పక్కకు సాగేటప్పుడు నీరు సులువైన పొరను ఎంచుకుంటుంది. కిందికి దిగాలంటే మాత్రం మధ్యలో అన్నిటికన్నా బిగువైన పొర ఎంత పోనిస్తే అంతే. ఇసుకలో రోజుకు మీటర్ల కొద్దీ సాగగల నీరు, అదే ఒత్తిడి మీద బిగువైన బంకమన్నులో ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు దిగితే ఎక్కువ. పై పొర పాడైనా కింది పొర చాలాకాలం బాగుండేది ఈ అడ్డు వల్లే. మేడలో పై అంతస్తు నుంచి కింది అంతస్తు దాకా స్లాబులన్నిటికీ ఒకే వరసలో చిల్లు పెడితే పైవాళ్ల మురుగు కిందివాళ్ల పడగ్గదిలోకి ఎలా దిగుతుందో, బోరు వేసి వదిలేస్తే నేలలోనూ అదే జరుగుతుంది.

అందులో ఏమీ పోయకపోయినా జరుగుతుంది. మన దగ్గర కేసింగ్ పైపును గట్టి రాయి తగిలేదాకా దించి ఆపేస్తారు. పైపుకూ నేలకూ మధ్య ఉండే సందును సిమెంటుతో పూడ్చేవాళ్లు అరుదు. ఆ సందు గుండా పైనీరు జారుతుంది. కేసింగ్ కింద రంధ్రమంతా బోసిగా ఉంటుంది, తగిలిన పగుళ్లన్నీ అందులోకే తెరుచుకుంటాయి. చుట్టుపక్కల మోటార్లు లోతు పగుళ్ల నుంచి తోడుతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు పై పగుళ్లలోని నీరు, మోటారు లేని బోరు గుండా కూడా రాత్రింబవళ్లు కిందికి దిగుతూనే ఉంటుంది. వదిలేసిన బోరు ఊరికే పడి ఉంటుందని అనుకోవద్దు. అది పనిచేస్తూనే ఉంటుంది.

ఒక్క ట్యాంకరుతో ఏమవుతుందిలే అనేవాళ్లకు కెనడాలో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి. ఒంటారియో రాష్ట్రంలోని బోర్డెన్ సైనిక స్థావరంలో 1982 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్, వాటర్లూ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు దాదాపు 12,000 లీటర్ల నీటిని, అంటే ఇంచుమించు ఒక ట్యాంకరు నీటిని, ఇసుక పొరలోకి పంపారు. అందులో క్లోరైడు, బ్రోమైడు లవణాలతోపాటు ఐదు రకాల కర్బన రసాయనాలను తెలిసిన మోతాదుల్లో కలిపారు. సుమారు 5,000 చోట్ల నుంచి నమూనాలు తీస్తూ దాదాపు మూడేళ్లు వెంటాడారు. లవణాల మబ్బు రోజుకు సుమారు 9 సెంటీమీటర్ల చొప్పున, ఏడాదికి 30 మీటర్లకు పైగా సాగింది. పోయిన దిక్కున సాగుతూ పొడుగైంది. నిలువుగా మాత్రం బహు కొద్దిగానే విస్తరించింది. రసాయనాలు ఇసుక రేణువులకు అంటుకుంటూ వదులుతూ వెనకబడ్డాయి. కొన్ని, లవణాలు నడిచిన దూరంలో సగమే నడిచాయి, కొన్ని ఐదో వంతు కూడా దాటలేదు.

మనకు పనికొచ్చే సంగతులు ఇందులో రెండున్నాయి. నేలలోకి పోయిన ట్యాంకరెడు నీరు ఎక్కడికో మాయం కాలేదు, మూడేళ్ల తర్వాత కూడా అది నేలలోనే, ఇంకా పెద్ద మేరలో ఉంది. రెండోది, ఉప్పు ముందు నడుస్తుంది, విషం వెనక వస్తుంది. ఏనాడూ లేనిది మీ బోరు నీళ్లు ఉప్పెక్కితే, టీడీఎస్, అంటే కరిగిన లవణాల మోతాదు, ఏటేటా పెరుగుతుంటే, దాన్ని రుచి సమస్యగా తీసిపారేయకండి. కారణాలు వేరే కూడా ఉండొచ్చు. కానీ పారిశ్రామికవాడకు దిగువన ఉన్నవాళ్లకు అది వెనక వస్తున్నదానికి ముందస్తు కబురు కావచ్చు.

ఈ వెనకబాటు ఎంత ఉండగలదో వియత్నాం రాజధాని హనోయ్ శివార్లలోని వాన్ ఫుక్ గ్రామం చూపించింది. నగర అవసరాల కోసం నీటిని తోడుతుండటంతో, నది ఒడ్డున ఆర్సెనిక్ ఉన్న కొత్త ఒండ్రు పొర నుంచి నీరు పక్కనున్న పాత, శుభ్రమైన ఇసుక పొరలోకి మళ్లింది. 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ నీరు 2 కిలోమీటర్లకు పైగా చొచ్చుకుపోయింది. ఆర్సెనిక్ మాత్రం నీటికన్నా 16 నుంచి 20 రెట్లు నెమ్మదిగా, సుమారు 120 మీటర్లే నడిచింది. ఇది శుభవార్తలా వినిపిస్తుంది. ఒక విధంగా నిజమే, జాగ్రత్తపడటానికి గడువు దొరికింది. కానీ ఆ 2 కిలోమీటర్ల మేరలో బావి ఉన్నవాళ్లు ఈ రోజు పరీక్ష చేయించుకుని, ఆర్సెనిక్ లేదని కాగితం తెచ్చుకుని నిశ్చింతగా ఉంటే ఏమవుతుంది? తోడకం ఆగనంత కాలం ఆర్సెనిక్ అడుగులో అడుగు వేస్తూనే ఉంటుంది. ఈ రోజు నీళ్లు బాగున్నాయన్న కాగితం రేపటికి హామీ కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికొద్దాం. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో 1970ల నుంచి పరిశ్రమలు పెరిగాయి. మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు అందులో చాలా ఉన్నాయి. వ్యర్థ జలాలు చెరువుల్లోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీర నది వైపుకు చేరాయి. పొలాలు పాడై, బావులు పాడై గ్రామస్థులు రోడ్డెక్కారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, అంటే శుద్ధి చేశాక, బయటికి వస్తున్న నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు అలా బయటికి పోతోందని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత అని లెక్కగట్టారు. 2009లో వాళ్లే ప్రచురించిన మరో అధ్యయనంలో చుట్టుపక్కల చెరువుల్లోనే కాదు, పల్లెల బావుల నీటిలోనూ మందులు దొరికాయి.

అక్కడి కాలుష్యమంతా బోర్ల గుండానే పోయిందని మేం చెప్పడం లేదు. వాగులూ చెరువులూ నేలలోకి ఇంకడమే పెద్ద దారి. భయం ఎక్కడంటే, మొరం పొరను దాటుకుంటూ మెల్లగా ఇంకినా బావుల దాకా చేరిన ఆ నీటిని, ఎవరైనా బోరులో నేరుగా పోస్తే అది ఏ వడపోతా లేకుండా, ఏ ఆలస్యమూ లేకుండా చేరుతుంది. యాంటీబయోటిక్ అంటే మందే కదా అనుకోకండి. చాలీచాలని మోతాదులో నీటిలోనూ మట్టిలోనూ పేరుకుంటే క్రిములు దానికి అలవాటుపడి మొండికేస్తాయి. ఆ క్రిములు ఊరి పొలిమేర దగ్గర ఆగవు.

మందుల పరిశ్రమలో విరివిగా వాడే ద్రావకం ఒకటుంది, డైక్లోరోమీథేన్. పనివాళ్లు ఎండీసీ అంటారు. తాగునీటిలో లీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా ప్రభుత్వం పరిమితి పెట్టింది. ఒక లీటరు ఎండీసీ బరువు కిలో మూడు వందల గ్రాములకు పైనే. దాన్ని ఆ పరిమితి దాకా పలచన చేయాలంటే 26 కోట్ల లీటర్లకు పైగా నీళ్లు కావాలి. ఒక్క లీటరుకు. పైగా అది నీటికన్నా బరువు. ఉప్పు దట్టంగా ఉన్న వ్యర్థ జలాలూ అంతే. నీటిమట్టం మీద తేలకుండా కిందికే పోతాయి, పగులు ఎటు వాలితే అటు దిగుతాయి. ‘పైన కలిసింది, లోతు బోరుకు ఏమీ కాదు’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇక ముందు చెప్పిన నెమ్మది కదలిక సంగతి. కలుషితమైన నీరు పగులు వెంటో, ఇసుక పొర వెంటో పోతున్నప్పుడు దాని పక్కనున్న బంకమన్నులోకి, చివికిన రాయిలోకి విషం కొద్దికొద్దిగా ఇంకుతుంది. పదేళ్లలో ఇంకేది పదుల సెంటీమీటర్ల మేరే కావచ్చు. కానీ పోయడం ఆపేసి, పగుళ్లలో మళ్లీ మంచినీళ్లు పారడం మొదలయ్యాక, బంకలో దాగినది అదే నెమ్మదితో వెనక్కి ఊరుతుంది. పదేళ్లు ఇంకింది పదేళ్లలో ఊరి అయిపోదు, అంతకు చాలా ఎక్కువ కాలం పడుతుంది. తోడి, శుద్ధి చేసి, మళ్లీ వదిలే పద్ధతిని అమెరికాలో ఎన్నో చోట్ల కోట్ల డాలర్లు పోసి నడిపారు. అక్కడి జాతీయ పరిశోధన మండలి 1994లో అలాంటి 77 చోట్లను పరిశీలిస్తే, అత్యధికం అనుకున్న శుభ్రతను అందుకోలేకపోయాయి. డబ్బూ యంత్రాలూ ఉన్న దేశంలో పరిస్థితి అది.

మన దేశంలో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ దగ్గర బిచ్డీ గ్రామం ఉంది. 1980ల చివర అక్కడ హెచ్ యాసిడ్ అనే రంగుల తయారీ రసాయనాన్ని ఉత్పత్తి చేశారు. ఎక్కువకాలం కూడా కాదు, ఒకటి రెండేళ్లు. దాని వ్యర్థాలు నేలలోకి దిగి బావుల నీళ్లు ముదురు రంగుకు మారాయి, తాగడానికీ సాగుకూ పనికిరాకుండా పోయాయి. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ డబ్బు రాబట్టడానికి 2011లో మళ్లీ సుప్రీంకోర్టే 37 కోట్ల రూపాయలకు పైగా, చక్రవడ్డీతో సహా కట్టమని ఆదేశించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ నడిచింది కొద్ది కాలం. దాని కోసం ఊరు కోర్టుల చుట్టూ తిరిగింది రెండు దశాబ్దాలు.

ఇళ్లలో వాడిన నీళ్లు ఇంత ప్రమాదమా అని అడగొచ్చు. సెప్టిక్ ట్యాంకు నీటిలో ఉండే నత్రజని నేలలో నైట్రేటుగా మారుతుంది. నైట్రేటు దేనికీ అంటుకోదు, నీటి వెంట నీరంత వేగంగా పోతుంది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే చంటిబిడ్డల రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి కోల్పోతుంది, ఒళ్లు నీలంగా మారుతుంది. కాచితే పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. ఇక మరుగుదొడ్డి క్రిములు మొరంలో చచ్చేవి, బోరు గుండా బతికే దిగుతాయి.

కోస్తాలో నేల వేరు, జాగ్రత్త కూడా వేరు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇసుకా బంకమన్నూ పొరలు పొరలుగా ఉంటాయి. సముద్రానికి దగ్గరగా చాలాచోట్ల ఉప్పునీటి మీద మంచినీరు పలుచగా తేలి ఉంటుంది. అక్కడ లోతుకు దించిన బోరు కింది ఉప్పును పైకి లాగుతుంది. రొయ్యల చెరువుల కోసం తోడిన ఉప్పునీరు పైనుంచి ఇంకుతుంది. మధ్యలో చిక్కింది ఊరి మంచినీళ్ల పొర. ఆ ప్రాంతంలో ఇంకా లోతుకు పోదాం అన్న మాట వచ్చినప్పుడల్లా భూగర్భ జల శాఖ వాళ్లను అడగకుండా రిగ్గు దించకండి.

పరీక్ష చేయించుకుంటే సరిపోదా అంటే, ఏ పరీక్ష అన్నది ముఖ్యం. ఐదారొందలు పెట్టి కొనే టీడీఎస్ మీటరు లవణాలను మాత్రమే చూపిస్తుంది. ఎండీసీ, యాంటీబయోటిక్ అవశేషాలు, పురుగుమందులు దానికి కనపడవు. కాబట్టి టీడీఎస్ పెరిగితే అనుమానించండి, పెరగలేదని ధైర్యపడకండి. ఇంకో చిక్కుంది. మోటారు నడుస్తున్న బోరులోంచి తీసిన నమూనా, దానికి తగిలిన పగుళ్లన్నిటి నీటి కలగలుపు. ఒక్క పగులు నుంచి విషం వస్తూ, మిగతా తొమ్మిది పగుళ్ల నుంచి అంతంత మంచినీరే వస్తే కాగితం మీద పదోవంతే కనిపిస్తుంది. ‘పరిమితికి లోబడి’ అని రాసేస్తారు. ఆ ఒక్క పగులే మీ పొరుగువాడి బోరుకు మొత్తం నీటిని ఇస్తుండొచ్చు.

అందుకే ప్రభుత్వాలకు మా డిమాండు సూటిగా ఉంది. పారిశ్రామికవాడల చుట్టూ, ముఖ్యంగా నీటివాలు ఉన్న వైపు, ఒకే చోట వేర్వేరు లోతులకు వేర్వేరు పీజోమీటర్లు, అంటే నీటిని పరిశీలించే సన్నటి బోర్లు, దించాలి. మొరంలో ఒకటి, పగుళ్ల పొరలో ఒకటి, లోతు బండలో ఒకటి. ఒకదాని నీరు మరొకదానిలోకి రాకుండా మధ్యలో సీలు వేయాలి. ఆ ఫలితాలను గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో, తేదీతో సహా అతికించాలి. ఫ్యాక్టరీల ఆవరణల్లో ఉన్న ప్రతి బోరునూ, వాడుకలో ఉన్నదీ లేనిదీ, లెక్కరాసి తనిఖీ చేయాలి. వ్యర్థ జలాల ట్యాంకరు ఎక్కడ బయల్దేరి ఎక్కడ ఖాళీ అయిందో నమోదు లేకుండా గేటు దాటనివ్వకూడదు. చట్టం లేక కాదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ వాగుల్లోనే కాదు, బావుల్లోనూ విషపదార్థాలు వదలడాన్ని నిషేధించింది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్ల తవ్వకాన్నీ రిగ్గులనూ ప్రభుత్వ అదుపులోకి తెచ్చింది. వాటిని అమలు చేసే సిబ్బందీ, రాత్రి గస్తీ, ప్రయోగశాలలూ కావాలి.

మనం చేయాల్సింది మాత్రం ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. వదిలేసిన బోరులో పసిపిల్లలు పడి చనిపోతున్నారని 2010లో సుప్రీంకోర్టు, వాడని బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా నింపేయాలని ఆదేశించింది. బంకమన్ను, ఇసుక, రాళ్లు, తవ్వినప్పుడు వచ్చిన పొడి, ఏదైనా నింపొచ్చని చెప్పింది. పిల్లల ప్రాణానికి అది చాలు. నీటిని కూడా కాపాడాలంటే ఉత్త రాళ్లూ ఇసుకా పోస్తే సరిపోదు, వాటి సందుల్లోంచి నీరు దిగుతూనే ఉంటుంది. పైభాగాన్ని, కనీసం కేసింగ్ ఉన్నంత మేర, బంకమన్నుతోనో సిమెంటు కలిపిన మట్టితోనో గట్టిగా పూడ్చాలి. ఖర్చు, ఆ బోరు వేయించడానికి పెట్టినదాంట్లో కొద్ది భాగమే.

కొత్త బోరు వేయిస్తున్నప్పుడు కేసింగ్ చుట్టూ సందును సిమెంటుతో నింపమని రిగ్గువాళ్లను పట్టుబట్టి అడగండి. వాళ్లు ‘ఎవరూ చేయించుకోరండీ’ అంటారు. మీరు చేయించుకోండి. పైపు నేల మీద రెండడుగులు లేచి ఉండాలి, చుట్టూ సిమెంటు గట్టు ఉండాలి, మూత ఉండాలి. సెప్టిక్ ట్యాంకును బోరుకు ఎంత దూరంగా, ఎంత దిగువన పెట్టగలిగితే అంత మంచిది. వాన నీటిని ఇంకించుకోవాలనుకునేవాళ్లు ఇంటి కప్పు మీది నీటిని ఇంకుడు గుంతలోకి పంపండి, నేల గుండా దిగనివ్వండి. బోరులోకి నేరుగా పైపు పెట్టి వీధి వరదను వదలడం, అది ఎంత మంచి ఉద్దేశంతో చేసినా సరే, పెట్రోలు మరకలనూ పెంటనూ పురుగుమందునూ పగుళ్లలోకి పంపడమే అవుతుంది.

ట్యాంకరు బోరు దగ్గరో, నాలా దగ్గరో, పాడుబావి దగ్గరో ఖాళీ అవుతుండటం చూస్తే దగ్గరికి వెళ్లకండి, వాసన చూడకండి. 2022 జనవరిలో గుజరాత్‌లోని సూరత్ దగ్గర సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుంచి కాలువలోకి వదిలిన రసాయనాల వల్ల విషవాయువు పుట్టి ఆరుగురు కార్మికులు చనిపోయారు. దూరం నుంచే బండి నంబరు, చోటు, సమయం రాసుకుని 112కు ఫోన్ చేయండి. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రసాయనాలు పోశారన్న అనుమానం ఉన్న బోరును మీ అంతట మీరు పూడ్చకండి, ముందు అధికారుల చేత నమూనా తీయించండి. చుట్టుపక్కల బోర్ల నీళ్లను, అది తేలేదాకా, తాగడానికీ వంటకీ వాడకండి.

తొలకరి పడితే నేలలోకి కొత్తనీరు దిగుతుంది, మట్టాలు లేస్తాయి, పొడిగా ఉన్న పగుళ్లు మళ్లీ ఒకదానికొకటి కలుస్తాయి. వేసవిలో ఒక చోట ఆగి ఉన్నది కూడా అప్పుడు కదులుతుంది. బోర్లను పూడ్చే పని ఆలోపే జరగాలి. మీ వీధిలో, మీ పొలాల్లో నోరు తెరుచుకుని ఉన్న బోర్లు ఎన్నో ఈ వారమే లెక్కపెట్టి, పంచాయతీకో మున్సిపాలిటీకో ఆ జాబితా ఇవ్వండి.